నాలుగక్షరాల కృతజ్ఞత

థాంక్స్ చెప్పడానికి నాలుగు ఇంగ్లీషు అక్షరాల కంటే ఎక్కువ వాడేవాళ్ళని దేశం నుంచి పంపించేయాలని నేను ప్రతిపాదిస్తున్నాను! హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళని మాత్రం వదిలేద్దాం. వాళ్ళకున్న భయాలు వాళ్ళకి చాలు.

కోప్పడకండి. ముందు సంగతేమిటో వినండి.

జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది. ఎవరో ఒకరు వాననీళ్ళు దూరని డబ్బా తీసుకుని, అందులో ఒక చిన్న నోట్‌బుక్కూ, పిల్లల కోసం రెండు మూడు బొమ్మలూ పెట్టి, ఏ పార్కులోనో రాళ్ళ మధ్య దాచిపెడతారు. అది ఎక్కడుందో తెలిపే జీపీఎస్ అంకెలు యాప్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, దొరికితే నోట్‌బుక్‌లో సంతకం చేసి, డబ్బాని మళ్ళీ ఉన్నచోటే పెట్టేసి, ఇంటికొచ్చి ఆ యాప్‌లో నాలుగు మాటలు రాస్తారు. దాన్ని లాగ్ అంటారు. దాచినవాళ్ళకి జీతమూ లేదు, భత్యమూ లేదు. ఉన్నదల్లా ఆ నాలుగు మాటలే.

నాలుగు మాటలన్నానా? అది పాతకాలం. ఇప్పుడు నాలుగు అక్షరాలు. టీ, ఎఫ్, టీ, సీ. థాంక్స్ ఫర్ ద క్యాష్, అంటే డబ్బా పెట్టినందుకు థాంక్స్ అని దానర్థం. ఎంత పొదుపు!

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో, వాగు పక్కన నడిచే దారిలో, తొమ్మిదేళ్ళ కిందట నేనూ ఒక డబ్బా దాచాను. పార్కుల వాళ్ళని అడిగి, అనుమతి కాగితం చేతికొచ్చాకే దాచాను. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు లాగ్‌లు వచ్చాయి. అందులో మూడు వందల ఎనభై ఈ నాలుగక్షరాలవే.

"కూర్చుని లెక్కపెట్టావా?" అన్నారు మా ఆయన కృష్ణమోహన్.

నేనెందుకు కూర్చుంటాను? నిలబడే లెక్కపెట్టాను, ఇస్త్రీ చేస్తూ.

ఈ విషయం ఇప్పుడెందుకంటే, ఆ డబ్బాకి గడువు పెట్టారు. ఈ ఆటని కనిపెట్టుకుని ఉండే వాలంటీరు ఒకావిడ మార్చి చివర్లో ఈమెయిల్ పంపింది. 'మీ డబ్బా రెండు నెలలుగా దాని చోట లేదు. ఏప్రిల్ పదిహేనులోపు తిరిగి పెట్టండి. లేకపోతే పేజీ శాశ్వతంగా మూసేస్తాం.' మూసేస్తే మళ్ళీ తెరవరు. ఆ పేజీ మీద ఎవరూ ఏమీ రాయలేరు, నేను కూడా.

పెట్టనా, మూసేయనా? మూసేయడానికే నిర్ణయించుకున్నాను. అయ్యో పాపం అనుకోకండి. తృప్తిగానే! మూడు వందల ఎనభై సార్లు కృతజ్ఞత అందుకున్న మనిషికి ఇంకేం కావాలి?

అసలు నాలుగక్షరాల లాగ్‌లో ఎంత మేలు ఉందో మీరెప్పుడైనా ఆలోచించారా?

చదవక్కర్లేదు. కళ్ళజోడు కోసం వెతకక్కర్లేదు. పోపు మాడకముందే చదవడం అయిపోతుంది. మనం దాచింది మంచి చోటేమో, మనకి కాస్త తెలివి ఉందేమో అన్న అహంకారం ఎక్కడైనా మొలకెత్తబోతుంటే అక్కడే నలిగిపోతుంది. దీనికోసం వారం రోజుల మౌన శిబిరాలకి వెళ్ళేవాళ్ళున్నారు. నాకు ఇంట్లోనే జరిగిపోయింది.

ఈ సూత్రం మిగతా చోట్ల కూడా పెడితే ఎంత బాగుండును! ఆఫీసుల్లో ఏడాదికోసారి మేనేజర్ రాసే రివ్యూలు నాలుగక్షరాల్లో ముగిస్తే ఎన్ని కాపురాలు డిసెంబర్‌లో ప్రశాంతంగా ఉంటాయి! ఈ విషయంలో మా అమ్మాయి ఆద్య అందరికంటే ముందుంది. కాలేజీ నుంచి నాకు 'కె' అని ఒకే అక్షరం పంపుతుంది. అందులో తిన్నావా, పడుకున్నావా, పరీక్ష ఎలా రాశావు, మూడింటికీ జవాబు ఉంది.

ఇంకో మేలు చెబుతాను. పోయిన ఏడాది ఎవరో పుణ్యాత్ముడు నా డబ్బాలోంచి కొండపల్లి చిలకని తీసుకుని, బదులుగా టమాటా కెచప్ ప్యాకెట్ ఒకటి పెట్టి వెళ్ళాడు. ఏదైనా తీసుకుంటే అంతకి తగ్గది పెట్టాలి, తినేవి అస్సలు పెట్టకూడదు అని ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. కానీ చిలకకి కెచప్ తగదని మనమెలా అంటాం? ఎండకి ఆ ప్యాకెట్ పగిలింది. నోట్‌బుక్ కాగితాలన్నీ అంటుకుపోయాయి. టెక్సాస్ ఎర్రచీమలు కుటుంబాలతో సహా దిగాయి. ఆ తర్వాత పదిహేడు మంది వచ్చి, ఆ చీమల్లోనే డబ్బా తెరిచి, ఇంటికెళ్ళి నాకు ఏమని రాశారు? టీఎఫ్‌టీసీ!

ఒక్కరైనా 'లోపల చీమలున్నాయండీ' అని రాసి ఉంటే ఏమయ్యేది? నేను మర్నాడే పరిగెత్తాల్సి వచ్చేది. వాళ్ళ దయవల్ల నాలుగు నెలలు హాయిగా ఇంట్లో కూర్చున్నాను.

చివరికి ఫిబ్రవరిలో నేనే అనుకోకుండా అటు వెళ్ళి చూసి, డబ్బా ఇంటికి తెచ్చాను. మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. మూతకుండే రబ్బరు పాడైతే కొత్తది ఆర్డర్ చేశాను. పేజీ పైన లావుపాటి అక్షరాలతో రాశాను: 'డబ్బా రిపేరు కోసం మా ఇంట్లో ఉంది. దయచేసి వెళ్ళకండి.' రబ్బరు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని అందులో సోంపు పోసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. రబ్బరు వచ్చింది. వేసింది లేదు.

ఏప్రిల్ మొదటి శనివారం సాయంత్రం ఫోన్ ఆరుసార్లు టింగుమంది. ఆరు లాగ్‌లు, ఆరు ముద్దుపేర్లతో. ఆరుగురికీ నా డబ్బా దొరికిందట. ఆరుగురూ నాలుగక్షరాల కృతజ్ఞులే!

నేను టేబుల్ వైపు చూశాను. డబ్బా ఉంది. వాగు దగ్గర లేదు. అయినా ఆరుగురికి దొరికింది. ఇంతకంటే ఏం కావాలి? డబ్బా కూడా అక్కర్లేని స్థాయికి ఆట ఎదిగిపోయింది!

ఆ తర్వాతి వారం ఆదివారం చక్రపాణి గారినీ ఆయన భార్య పద్మ వదిననీ భోజనానికి పిలిచాం. చక్రపాణి గారు మా ఆయన టీమ్‌లో సీనియర్. పప్పుచారు రెండుసార్లు వడ్డించుకున్నాక ఆయన నా వైపు తిరిగారు.

"సుమతీ, నువ్వు కూడా ఈ జియోక్యాషింగ్‌లో ఉన్నావట కదమ్మా! క్రీక్ దగ్గరది నీదేనని కృష్ణమోహన్ నిన్ననే చెప్పాడు. సూపర్ హైడ్! లాస్ట్ వీక్ కొట్టేశాం."

"అవునా అన్నయ్యగారూ! తొందరగానే దొరికిందా?"

"కొంచెం ట్రిక్కీయే. కానీ మనకి ఎక్స్‌పీరియెన్స్ ఉంది కదా! రెండు వేల తొంభై డబ్బాలు దాటేశాను."

"డబ్బా ఎలా ఉంది?"

"డబ్బాకేం, బ్రహ్మాండం. పర్ఫెక్ట్ కండిషన్."

అంటూనే ఆయన టేబుల్ మీది ఆకుపచ్చ డబ్బా దగ్గరికి లాక్కుని, మూత తీసి, అరచేతిలో సోంపు పోసుకుని, నోట్లో వేసుకుని, మూత పెట్టి, దానిమీద మోచెయ్యి ఆనించారు. మా ఆయన తల వంచుకుని మజ్జిగలో ఏదో వెతుకుతున్నారు.

పద్మ వదిన భర్త మోచేతి కింద తొంగిచూసింది. ఆ మూత మీద, అందరూ చదవాలని నేనే అంటించిన స్టిక్కర్ ఉంది.

"ఏమండీ, ఆ చెయ్యి ఒకసారి తీస్తారా? జియోక్యాష్, కదిలించకండి అని రాసుంది ఇక్కడ."

చక్రపాణి గారు నమలడం ఆపేశారు.

"ఇది... సేమ్ మోడల్ ఇంకోటా అమ్మా?"

"లేదండీ, అదే. ఫిబ్రవరి నుంచి ఇక్కడే ఉంది. పేజీలో రాశాను కూడా."

"అంటే... అది నిశాంత్ టర్న్ అమ్మా."

"టర్న్ ఏమిటి?" అంది వదిన.

ఆయన చెప్పారు. వీళ్ళది ఆరుగురి వాట్సాప్ గ్రూపు. శనివారం ముప్ఫై డబ్బాలు వెతకాలంటే తలా ఐదు పంచుకుంటారు. ఎవరు వెళ్ళినా సరే, ఆరుగురూ లాగ్ పెట్టేస్తారు. "గృహప్రవేశానికి గిఫ్ట్ ఒకడే కొంటాడు, కవర్ మీద అందరి పేర్లూ రాయమా? ఇదీ అంతే."

"అయితే నిశాంత్ వెళ్ళాడా?"

వెంటనే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి.

"ఒరేయ్ నిశాంత్, ఆ క్రీక్ పక్కనది నువ్వే కదా వెళ్ళింది?"

"అదేంటన్నా! అది మీ లిస్ట్‌లోది కదా? మీరు పెట్టారని నేను పెట్టిన."

చక్రపాణి గారు ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నారు.

"ఇరవై రెండేళ్ళుగా నా వంటకీ ఇదే వరస సుమతీ," అంది పద్మ వదిన. "గిన్నె మూత తీయకముందే సూపర్ అంటారు. నేనే పిచ్చిదాన్ని, ఇన్నాళ్ళూ మురిసిపోయాను."

పాఠకులారా, ఆయన్ని నేను ఏమీ అనలేదు. అనడానికేముంది? డబ్బాని సోఫాలోంచి లేవకుండా కనిపెట్టగలగడం సామాన్యమైన విద్యా? వెళ్ళేటప్పుడు ఇంకాస్త సోంపు పొట్లం కట్టి ఇచ్చాను కూడా. ఆయన ఎందుకో తీసుకోలేదు.

పదిహేనో తేదీ బుధవారం పడింది. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక కుక్కర్ పెట్టి, లాప్‌టాప్ తెరిచాను. పేజీ మూసేయడానికి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే అయిపోతుంది. తొమ్మిదేళ్ళూ, నాలుగు వందల పన్నెండు లాగ్‌లూ. కాస్త చెయ్యి ఆగింది, నిజం చెప్పొద్దూ. ఆ చోటు గురించి ఆ పేజీలో నేను పెద్ద పేరానే రాసుకున్నాను. అదీ ఇక ఎవరి కంటా పడదు.

పేజీలో అన్నిటికంటే పైన కొత్త లాగ్ ఒకటి ఉంది. పక్కన నీలంరంగు ఏడుపు మొహం బొమ్మ. డబ్బా దొరకనివాళ్ళు పెట్టే గుర్తు అది. మనవాళ్ళెవరూ ఆ గుర్తు పెట్టగా నేను చూడలేదు. వెతికి ఓడిపోయాం అని పదిమందిలో ఒప్పుకోవడం మనకి అలవాటు లేని పని.

పైన ఉన్నది ముద్దుపేరే గానీ, రాసినవారు చక్రపాణి గారని చదవగానే తెలిసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మీకోసం తెలుగులో పెడుతున్నాను.

'దొరకలేదు. దొరకదని తెలిసే వెళ్ళాను. ముందు పెట్టిన లాగ్ డిలీట్ చేశాను. నీ పేజీ అంతా చదివానమ్మా, అంత రాశావని తెలీదు. నిన్న ఆఫీస్ నుంచి తొందరగా బయటపడి వెళ్ళాను. చెక్క వంతెన దాటాక మూడో మలుపు దగ్గర ఆగాను. చీమలు కుట్టాయి. రెండు చీమలు షూస్‌లో ఇంటిదాకా వచ్చాయి. అక్కడ పెద్ద రాయి ఉంటే కూర్చున్నాను. ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో తెలియలేదు. కాసేపటికి అర్థమైంది. టోల్‌వే మీద కార్ల చప్పుడు వినపడట్లేదు. ఈ ఊరొచ్చి పద్నాలుగేళ్ళు. ఇంట్లో, ఆఫీస్‌లో, గుడిలో, ఎక్కడున్నా అది వినపడుతూనే ఉంటుంది. ఆ మలుపులో వినపడలేదు. వెనక్కి పది అడుగులు వేస్తే మళ్ళీ మొదలు. నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి చూశాను. నువ్వు డబ్బా అక్కడ పెట్టింది ఇందుకేనా?'

చూశారా, పొడుగు లాగ్‌లతో వచ్చే అనర్థం!

మొదటి తప్పు, మూడో మలుపు అని చోటు బయటపెట్టేశారు. అలా రాస్తే వెతికేవాళ్ళకి ఇంకేం మిగులుతుంది? ఫోన్ చేసి ఆ ముక్క తీయించాను. అంతకంటే పెద్ద తప్పు, చివర్లో ప్రశ్న అడగడం. ప్రశ్న అడిగితే జవాబివ్వాలి. జవాబివ్వాలంటే పేజీ ఉండాలి. పేజీ ఉండాలంటే ఆ వాగు పక్కన, ఆ రాయి వెనక, డబ్బా ఉండాలి. ఒక మనిషి నాలుగక్షరాలతో సరిపెట్టుకోకపోతే ఇంకో మనిషికి ఎంత చాకిరీయో చూడండి!

సోంపు ఒంపేశాను. మూతకి కొత్త రబ్బరు బిగించాను. కొత్త నోట్‌బుక్, కొత్త పెన్సిల్ పెట్టాను. కుక్కర్ దింపి, మధ్యాహ్నంలోపు వెళ్ళి పెట్టేసి వచ్చాను. గడువు తప్పలేదు. వాలంటీరు ఆవిడకి ఈమెయిల్ కొట్టాను.

అప్పుడు జవాబు రాయడానికి కూర్చున్నాను.

ఆద్య పుట్టిన ఏడాది, ఇల్లూ కారూ తప్ప ఇంకేమీ తెలియని రోజుల్లో, స్ట్రోలర్ తోసుకుంటూ ఆ మలుపు దాకా వెళ్ళి ఎందుకో ఆగిపోవడం. అది ఎందుకో తెలియడానికి నాకూ చాలాసేపు పట్టడం. తర్వాత ఎన్నో ఏళ్ళకి ఈ ఆట గురించి విని, ఆ మలుపు ఇంకొకరికి కూడా దొరకాలని ఆ డబ్బా కొనడం. ఎవరైనా అడిగితే చెబుదామని తొమ్మిదేళ్ళుగా అన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాను. మొత్తం రాద్దామనే లాప్‌టాప్ ముందు గంటసేపు కూర్చున్నాను. రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం.

చివరికి పంపింది మూడక్షరాలు.

అవును.