ఇన్‌ఛార్జి దేవాంగపిల్లి

అడవిలో చివరి దేవాంగపిల్లి చనిపోవడంతో, కొత్తది వచ్చేవరకు ఆ బాధ్యతలను అటవీశాఖ తన రికార్డు అసిస్టెంటు రెడ్డెమ్మకు అప్పగించింది. మన ఆఫీసుల్లో ఏ కుర్చీ ఖాళీ అయినా పక్క కుర్చీవాళ్లకు ఇన్‌ఛార్జి ఇవ్వడం మామూలే కాబట్టి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. అది చెట్లమీద పురుగులు తింటూ రాత్రిపూట తిరిగే జీవే అయినా, ఉద్యోగి సౌకర్యం చూసి డ్యూటీని పగటికి మార్చారు.

రెడ్డెమ్మ కొంగు బిగించి నేరేడు చెట్టెక్కింది. మొదట్లో మిడతలు గొంతు దిగేవి కావు. అయినా పట్టు వదల్లేదు. దేవాంగపిల్లి లేని అడవిలోంచి రోడ్డు వేసుకోవచ్చని అప్పటికే ఉత్తర్వు ఉంది, యంత్రాలు గట్టు కింద కాచుకుని ఉన్నాయి. ఆమె ఒక్కపూట దిగినా అడవి లేనట్టే. రెడ్డెమ్మ ఆ అడవి పక్కనే పుట్టి పెరిగిన మనిషి.

ఒకరోజు ఆమె కొమ్మమీదికి ఎక్కడినుంచో నిజం దేవాంగపిల్లి వచ్చింది. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు మాత్రం ఇంతింత. రెడ్డెమ్మ సంతోషంతో కేకేసి రేంజర్ ఓబులేసును పిలిచింది.

"సార్, అసలుది వచ్చేసింది! దీన్ని పెట్టుకోండి, నేను దిగిపోతా."

ఓబులేసు తలెత్తి చూసి నిట్టూర్చాడు. "పోస్టు ఖాళీ యాడుందమ్మా?"

"అయితే నన్ను రిలీవ్ చేయండి."

"ఛార్జి తీసుకునేవాళ్లు సంతకం పెట్టాల. అది పెడతాదా?"

ఆయన చెడ్డవాడేం కాదు, రూలు తప్పడు, అంతే. ఒక పోస్టులో ఇద్దరుండకూడదు కనుక, వెనక వచ్చినదాన్ని మిగులు సిబ్బందిగా తేల్చి, రెడ్డెమ్మ ఖాళీ చేసిన రికార్డు గదిలో సర్దుబాటు చేశారు. సర్దుబాటుకు సంతకం అక్కర్లేదు.

"వద్దు సార్, అది ఆఫీసులో బతకదు!"

"నువ్వు బతకలేదా తల్లీ, ఇన్నేళ్లు?"

పిల్లి కుర్చీలో ముడుచుకుని ఫైళ్లను చూస్తూ కూర్చునేది. రెడ్డెమ్మకంటే నెమ్మదస్తురాలని మంచి పేరు కూడా తెచ్చుకుంది. గదికి చెదలమందు కొట్టాక, తినడానికి పురుగన్నది దొరక్క చనిపోయింది. ఆ కుర్చీ కాగితాల్లో ఇంకా రెడ్డెమ్మ పేరుమీదే ఉంది కాబట్టి, రికార్డు అసిస్టెంటు రెడ్డెమ్మ మృతికి ఆఫీసంతా లేచి నిలబడి మౌనం పాటించింది.

ఆ కబురు చెప్పడానికి ఓబులేసే చెట్టు దగ్గరికి వచ్చాడు. రెడ్డెమ్మ కొమ్మకు మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. తనకోసం కాదు, ఆ పిల్లికోసం.

"దిగొస్తావా అమ్మా?"

"దిగితే రోడ్డేస్తారు. దిగను."

ఓబులేసు జంతువుల లెక్కల పుస్తకం తెరిచాడు. "ఈసారి లెక్కల్లో దేవాంగపిల్లి జాతి క్షేమమని రాసేదా మరి?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

"రాయండి సార్. నేనుండాను కదా."