గెడ్డ మీద తపాలా బిళ్ళ

మన్యంలో వంతెనలు లేవని గోల పెట్టేవాళ్ళకి కళ్ళు లేవు! ఇదిగో, నిక్షేపంలాంటి వంతెన. బొటనవేలంత ఉంటుంది, వెనకాల జిగురు కూడా ఉంది. ముందు కోటు వేసుకున్న ఇంజనీరుగారు, వెనక ఆయన కట్టిన వంతెన, దాని కింద పొగ వదులుతూ ఓడ. ఐదు రూపాయలకి మూడూ కలిపి ఇచ్చే దేశం ఇంకెక్కడైనా ఉందా? సిమెంటు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. తడవకుండా చూసుకుంటే చాలు.

అరకులో ఆ తపాలా బిళ్ళ విడుదల సభ ఘనంగా జరిగింది. కొండల మధ్య ఓడ బొమ్మ ఎందుకని ఎవరూ అడగలేదు, అంతా మర్యాదస్తులు. పెదబయలు మండలంలో గెడ్డ అవతలి ఊరికి టపా మోసే కనకని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఒక షీటు బిళ్ళలు చేతిలో పెట్టారు. సంచి నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో గెడ్డ దాటే మనిషికి ఇంతకంటే పనికొచ్చే కానుక ఏముంటుంది చెప్పండి?

కనకకి మాత్రం ఒకటే బెంగ. కూతురు స్వర్ణ తొలిచూలు, పురిటికి పుట్టింటికి వచ్చింది. ఊరు గెడ్డకి అవతల, ఆసుపత్రి ఇవతల. కిందటేడు గెడ్డ పొంగినప్పుడు, నొప్పులతో వచ్చిన పిల్ల ఒకతి దాటే దారిలేక ఒడ్డు మీదే ప్రాణం వదిలింది. అది గుర్తొస్తే కనకకి ముద్ద దిగదు.

బిళ్ళ ఊరు చేరింది. ఊరిపెద్ద బుధు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. ఆ ఊరివాళ్ళ అనుభవంలో ముందు ఫ్లెక్సీ మీద బొమ్మ వస్తుంది, వెనకాల మనిషి వస్తాడు.

"ఈ బాబు ఎప్పుడొత్తాడు?"

"ఏటొత్తాడు మావా! సచ్చిపోయి వందేళ్ళయింది," అంది కనక.

బుధు ముఖం వెలిగిపోయింది. "అయితే వత్తాడు."

ఇందులో తికమకేమీ లేదు. బతికున్న ఆఫీసరు రావాలంటే టూర్ ప్రోగ్రాం కావాలి, జీపు కావాలి, వాన ఉండకూడదు. పోయిన పెద్దలకి అవేమీ అక్కర్లేదు. కొర్రకొత్త పండగనాడు కొత్త కొర్రన్నం తొలి ముద్ద పెడితే చాలు, వచ్చి పనులు చూసుకుంటారు. ఆ ఏడు పెద్దల వరసలో కోటు బాబుకీ ఒక ఆకు వేశారు, కోడికూరతో సహా. వచ్చాడనే అనుకోవాలి! మర్నాడు ఊరంతా గొడ్డళ్ళు పట్టుకుని దిగి, దుంగలు కోసి, తీగలతో బిగించి, పొద్దు కుంకే వేళకి గెడ్డ మీద దారి వేసేసింది.

బతికున్న ఇంజనీరు లక్ష్మీప్రసాద్ గారు ఆ తర్వాతే దయచేశారు. దుంగల మీద నిలబడి, అచ్చం బిళ్ళలో ఆయనలాగే గడ్డం పైకెత్తి ఫొటో దిగారు. ఆ ఫొటో జతచేసి పైకి రిపోర్టు పంపారు: వంతెన ఉన్నది గనుక కొత్తది అవసరం లేదు. ఎంత పొదుపు! ప్రజాధనం మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు అరుదు.

అంతలో తుపాను వచ్చింది. దుంగలన్నీ కొట్టుకుపోయాయి. ఫొటో క్షేమం. నీళ్ళు కాస్త తీయగానే కనక ప్రాణాలకి తెగించి గెడ్డ దాటి, తడి చీరతోనే ఆయన ఆఫీసుకి వెళ్ళింది.

"బాబూ, వంతెన పోనాది. మా గుంటకి నెలలు నిండిపోనాయి. బేగి ఏదో ఒకటి సెయ్యండి."

"రికార్డుల్లో వంతెన ఉందమ్మా. ఉన్నచోట మళ్ళీ ఎలా శాంక్షన్ చేస్తారు?" అన్నారాయన, పాపం, చాలా నొచ్చుకుంటూ.

కనకకి ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసింది. కోపమూ వచ్చింది, అదీ మింగేసింది. చేతులు జోడించి ఎంతో మర్యాదగా అడిగింది.

"అయితే తవరి పోటో ఒకటి ఇప్పించండి బాబూ, దాసుకుంటాం. తవరు పోయాక కొర్రన్నం పెడతాం. అప్పుడైనా వత్తారు."