వెర్నావి, ముట్టుకోవద్దు

మంగళవారం పొద్దున లైల్ టొర్గర్సన్ వేసుకున్న పథకం చిన్నదే. భార్య వెర్నా కోళ్లకు దాణా వేసి, గుడ్లు ఏరుకుని, వాగు వెంబడి కంచె చూసుకుని వచ్చేసరికి గంట పడుతుంది. ఆ గంటలో తను గ్యారేజీలో కూర్చుని పాతిక తూటాలు తయారుచేయాలి. వాటిని వెర్నా అట్టపెట్టెలో సర్దాలి. ఆవిడ వచ్చే వేళకు ఏమీ ఎరగనట్టు కాఫీ కాస్తూ కనిపించాలి.

ఆ పసుపుపచ్చ పెట్టె మూతమీద వెర్నా చేతిరాత ఉంది: "వెర్నావి. పూర్తి మందు. ముట్టుకోవద్దు." ముప్ఫయ్యేళ్లుగా లైల్ ముట్టుకోలేదు. ఇవాళే మొదటిసారి. అందులో మిగిలిన పాత తూటాలన్నిటినీ ఖాళీ కాఫీ డబ్బాలో పోసి, రంగు డబ్బాల వెనకాల దాచాడు. కొత్తవాటిలో తుపాకీమందు సగానికి సగం తగ్గించాడు. పనిలో పడి, తనకే తెలియకుండా ఈల వేయడం మొదలుపెట్టాడు.

వెర్నా రివాల్వర్ అరచేతికంటే కాస్త పెద్దది, అంతే. గొట్టం చూపుడువేలంత కూడా ఉండదు. పట్టేవి అయిదు తూటాలు, కాని ఒక్కొక్కటీ చిటికెనవేలంత లావు. ఒక చేతిలో దాణా బకెట్టు, ఇంకో చేతిలో గుడ్ల బుట్ట ఉన్నప్పుడు పెద్ద తుపాకీ ఎవరు మోస్తారు? మంచు కరిగాక వాగులోకి ఎలుగుబంట్లు దిగే ఊరది. డ్రై ఫోర్క్‌లో ఆడా మగా అందరూ పొద్దున్నే చేతి గడియారం పెట్టుకున్నంత మామూలుగా నడుముకు ఇలాంటి పొట్టిదొకటి తగిలించుకుంటారు. తుపాకీ ఎంత పొట్టిదైతే కాల్చినవాళ్ల చేతిని అంత గట్టిగా తంతుంది.

తన్నిన ప్రతిసారీ వెర్నా నవ్వేది. పెద్ద నవ్వేమీ కాదు, ఎక్కిళ్లలాగా చిన్నది, ఆశ్చర్యపోయినట్టు. ఆ నవ్వు వినడానికి లైల్ చప్పుడు ఆగీ ఆగకముందే తుపాకీ మోతకు అడ్డంగా ఎడమ చెవికి పెట్టుకున్న డిప్ప పైకెత్తేవాడు. పక్కవాళ్లు కాలుస్తున్నా సరే. ముప్ఫయ్యేళ్లు అలా ఎత్తీ ఎత్తీ ఎడమ చెవి మందగించింది. ఎందుకు మందగించిందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడా నవ్వు విని మూడేళ్లయింది. వెర్నా కుడి మణికట్టులో కీళ్ల జబ్బు చేరింది. రివాల్వర్ వంటింటి సొరుగులో చేరింది. ఎలుగుబంట్లకోసం ఆవిడ ఇప్పుడు మిరప ఘాటు చిమ్మే డబ్బా ఒకటి తగిలించుకుని తిరుగుతోంది. సోమవారం భోజనాల దగ్గర రొట్టె తుంచుతూ, వాన వచ్చేలా ఉందన్నంత తేలిగ్గా అంది:

"శనివారం పోటీకి వెళ్తాం కదా, అక్కడే ఒపల్ చేతిలో పెట్టేస్తా. ఇరవయ్యేళ్లుగా అడుగుతోంది పాపం."

"ఏది?"

"ఏదేమిటి, రివాల్వరే. సొరుగులో పడుండి ఎవరికి?"

లైల్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఈ పథకం పట్టుకుంది.

మంగళవారం సాయంత్రం వెర్నాను కొట్టం వెనక్కి తీసుకెళ్లాడు. "ఇచ్చేముందు ఒక్కసారి కాల్చు. తుపాకీ సరిగా ఉందో లేదో చూడకుండా ఇస్తే బావుండదు కదా."

వెర్నా పెట్టె మూతమీది తన రాత చూసింది. అయిదు తూటాలు తీసి, అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని, చక్రంలో నింపింది. పాత బకెట్టుకు అయిదు బొక్కలు పడ్డాయి.

"నొప్పుందా?"

"లేదే." చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "విచిత్రంగా ఉంది."

"నయమైపోయిందన్నమాట!"

"అయితే శనివారం నేనూ కాలుస్తా," అంది వెర్నా.

లైల్ చెవి డిప్ప ఎత్తే ఉంచాడు. నవ్వు మాత్రం రాలేదు. కొత్త కదా, పోటీ రోజున వస్తుందిలే అనుకున్నాడు. ఇంట్లోకి వస్తూ వస్తూ మెట్టుమీద ఆగిపోయాడు. పోటీలో కొట్టాల్సింది బకెట్టును కాదు. ఇనప పలకల్ని. అవి పడాలి.

డ్రై ఫోర్క్ క్లబ్బులో ఏటా మంచు కరిగాక జరిగే ఈ పోటీకి రెండే నిబంధనలు. రోజూ నడుముకు పెట్టుకునే పొట్టి రివాల్వరే తేవాలి. పలకకు తగిలితే చాలదు, పలక పడాలి. "ఎలుగుబంటిని ఆపలేని దెబ్బ దెబ్బే కాదు," అంటాడు అధ్యక్షుడు డెల్బర్ట్. అయిదు తూటాలు, అయిదు పలకలు. గెలిచినవాళ్ల పేరు క్లబ్బు గదిలో చెక్కమీద కాల్చి రాస్తారు. అందులో పదకొండుసార్లు వెర్నా పేరుంది. సగం మందు తూటాలకు ఆ పలకలు ఊగను కూడా ఊగవు.

బుధవారం సంగతి ఇంకాస్త ముదిరింది. చెయ్యి బాగైందంటూ వెర్నా పది తూటాలు ఒపల్‌కు ఇచ్చేసింది.

"ఇచ్చేశావా!" లైల్ చేతిలోని కప్పు తొణికింది.

"ఊళ్లో ఎక్కడా దొరకడం లేదంట. ఆవిడ దగ్గర ఒక్కటీ లేదు. ఏం, ఇవ్వకూడదా?"

ఇవ్వకూడదని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. లైల్ కప్పు కిందపెట్టాడు. ఒపల్ ఇల్లు వాగు వంపులో ఉంది. ఎలుగు దిగితే మొదట ఆవిడ కోళ్ల దగ్గరికే వస్తుంది. ఆవిడ నడుముకు ఇప్పుడున్నవి దూది తూటాలు.

గురువారం పొద్దుటినుంచీ లైల్ తన పెద్ద తుపాకీ ఒళ్లో పెట్టుకుని ఒపల్ గేటు ఎదుట ట్రక్కులో కూర్చున్నాడు. పదకొండింటికి ఒపల్ వెర్నాకు ఫోన్ చేసింది.

"ఏమే, నీ మొగుడు మా గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. ఏమైనా గొడవ పడ్డారా?"

"లేదు. ఉండనీ. ఆకలేస్తే వస్తాడు."

"వస్తాడులే గానీ, నీ తూటాలు కాల్చి చూశానే. చేతిని అసలు తన్నలేదు! పిల్లి తోకతో రాసినట్టుంది. ఎందుకో తెలుసా? మెర్ల్ కొట్లో రాగి కడియం కొన్నా మొన్న. కీళ్లకు మంచిదని వాడంటే నమ్మలేదు. రెండ్రోజుల్లో చూడు!"

డెబ్బయి ఒకటో ఏట ఒపల్ చెయ్యి మళ్లీ పడుచుదైందన్న కబురు మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. డ్రై ఫోర్క్‌లో కీళ్లు నొప్పెట్టని చెయ్యి లేదు. సాయంత్రానికి మెర్ల్ దాణా కొట్లో కడియాలు అయిపోయాయి. పక్క ఊరినుంచి తెప్పించిన పెట్టె శుక్రవారం పొద్దున్నే అయిపోయింది. ఒపల్ ఒకటి వెర్నాకూ తెచ్చి తొడిగింది. "నీకు దానంతటదే నయమైందా? నయమైంది మళ్లీ పోకుండా ఇది ఉంచుకో."

వెర్నా కడియం తిప్పి చూసుకుంది. "బావుంది," అంది. మొగుడివైపు చూసింది. లైల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

శుక్రవారం మధ్యాహ్నం పలకలకు తెల్ల రంగు వేస్తానని లైల్ క్లబ్బుకు వెళ్లాడు.

"ఏరా, నువ్వా? అడక్కుండా?" డెల్బర్ట్ నమ్మలేకపోయాడు.

"ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చెయ్యను. ఆవులు కూడా లేవాయె."

ఆ మాట నిజమే. రెండేళ్లయింది ఆవుల్ని అమ్మేసి. డెల్బర్ట్ జాలిపడి వెళ్లిపోయాడు. లైల్ రంగు వేశాడు. తర్వాత ఒక్కో పలక వెనకాల బోల్టు వదులు చేసి, వేలితో తోస్తే చాలు పడేట్టు వెనక్కి వాల్చాడు. చెక్కమీద వెర్నా పేరు పన్నెండోసారి రాసి ఉన్నట్టు ఊహించుకుంటూ మళ్లీ ఈల వేశాడు. ఆ కొండల కింద గాలి అనేదొకటి ఉంటుందని, అరవై ఎనిమిదేళ్లు అక్కడే బతికినవాడు, ఆ ఒక్క పూట మరిచిపోయాడు.

శనివారం గాలి టోపీలు లాగేస్తోంది. పన్నెండుమంది వరసగా నిలబడ్డారు. పన్నెండుమంది చేతులకీ రాగి కడియాలు. పొయ్యిమీద చిక్కటి మాంసం కూర ఉడుకుతోంది, పక్కన దాల్చినచెక్క రొట్టెచుట్టలు. డెల్బర్ట్ నిబంధనలు చదువుతుండగానే మొదటి పలక పడింది.

అందరూ అందరినీ చూశారు.

"ఎవరూ కాల్చలేదు కదా?" అన్నాడు డెల్బర్ట్. పలకను లేపి నిలబెట్టాడు.

మొదట మెర్ల్ వచ్చాడు. తొమ్మిదేళ్లలో మెర్ల్ ఒక్క పలకను కూడా కొట్టలేదు. మొదటి గుండు పలకకు మూరెడు దూరంలో మట్టి లేపింది. పలక పడింది. రెండోది ఆకాశంలోకి పోయింది. రెండు పలకలు కలిసి పడ్డాయి. నాలుగోదానికి అతను ఇంకా గురి చూస్తూనే ఉన్నాడు, అది పడిపోయింది. అయిదోది మర్యాదకోసం అన్నట్టు చప్పుడయ్యేదాకా ఆగింది.

"కడియమే!" అని ఎవరో అరిచారు. మెర్ల్ తన మణికట్టుకేసి భయంగా చూసుకున్నాడు. ఊరందరికీ అమ్మాడు గానీ అది పనిచేస్తుందని అతను ఒక్క క్షణం కూడా నమ్మలేదు.

ఆ తర్వాత పన్నెండుమందీ అయిదుకి అయిదు పడగొట్టారు. వెర్నా కూడా. ఆవిడ తూటాలు పలకలకు సరిగ్గా మధ్యలో తగిలాయి. పలకలు పడ్డాయి. లైల్ చెవి డిప్ప ఎత్తాడు. గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఇంత మోసం చేసింది దేనికోసమో అది మాత్రం రాలేదని అప్పుడర్థమైంది ఆయనకి. తుపాకీ చేతిని తన్నకపోతే ఆవిడ నవ్వదు.

"పన్నెండుమందికీ సమానం," డెల్బర్ట్ తల గోక్కున్నాడు. "ఇలా ఎప్పుడూ కాలేదు. పాత ట్రాక్టరు నాగలి కర్రు తీసుకురండి. ఒక్కొక్కరికి ఒక్క తూటా. దాన్ని పడేసినవాళ్లదే గెలుపు."

లైల్ చప్పున బల్లమీద కూర్చున్నాడు. ఆ కర్రు ఇద్దరు మోస్తే గానీ రాదు. దానికి బోల్టుల్లేవు. నిండు మందు తూటా నడిమధ్యలో తగిలితేనే ఒరుగుతుంది.

మెర్ల్ గుండు కంచె గుంజకు తగిలింది. అతని ముఖంలో ఎంతో ఊరట కనిపించింది. మిగతావాళ్లూ వరసగా తప్పారు, అందరూ ఎప్పుడూ తప్పేంత దూరంలోనే. ఒపల్ ఒక్కతే సరిగ్గా కొట్టింది. టక్కుమంది. కర్రు కదల్లేదు. ఒపల్ కడియం తీసి, దులిపి, మళ్లీ పెట్టుకుంది.

ఇక మిగిలింది వెర్నా. ఊరందరి ముందూ ఆవిడ చెయ్యి చేతకానిదని తేలబోతోంది. లైల్ లేచాడు. "డెల్బర్ట్, ఒక్కమాట. ఈ పలకలు నేనే—"

"కూర్చో లైల్," అంది వెర్నా.

చక్రం తెరిచి అయిదు తూటాలూ అరచేతిలోకి వంచింది. నడిచి వచ్చి వాటిని మొగుడి చొక్కా జేబులో వేసింది. తన కోటు జేబులోంచి ఒక్క తూటా తీసింది. ఇత్తడి మసకబారిన పాత తూటా.

"ఏదైనా రంగు డబ్బాల వెనకాల కాఫీ డబ్బాలోనే దాస్తావు. పెళ్లికి ముందు నేను రాసిన ఉత్తరాలూ అక్కడే దాచావు," అంది గొంతు తగ్గించి. "ముప్ఫయ్యేళ్లు మోసినదాన్ని. తూటా బరువు తెలీదనుకున్నావా ముసలాడా? ఒపల్‌కు వాటితోపాటు నా మిరప డబ్బా కూడా ఇచ్చా."

"తెలిసీ మరి—"

"మంగళవారం గ్యారేజీలో ఈల వేశావు. ఆవులు పోయాక మళ్లీ అదే వినడం. ఎలా ఆపమంటావు?"

వెళ్లి నిలబడింది. రెండు చేతులతో పిడి పట్టుకుంది. మూడేళ్లు సొరుగులో పడివున్న ఆ పొట్టి వస్తువు ఒక్కసారిగా ఆకాశాన్ని చీల్చినట్టు మోగింది. ఆవిడ చేతులు నుదుటిదాకా లేచాయి. కర్రు కొంచెం ఆలోచించి, వెనక్కి ఒరిగి, దబ్బున పడింది.

లైల్ డిప్ప ఎప్పుడెత్తాడో ఆయనకే తెలియదు. గాలిలోంచి, చెవిలో హోరులోంచి, ఎక్కిళ్లలాంటి ఆ చిన్న నవ్వు వచ్చింది. వస్తూనే "అబ్బా!" అన్న కేకగా మారింది. అయినా వచ్చింది.

వెర్నా మణికట్టు అప్పటికే ఉబ్బుతోంది. ఎడమచేత్తో రివాల్వర్ ఒపల్‌కు చాచింది. "తీసుకో. ఇదే నా ఆఖరు తూటా. కొట్టం వెనకాల బకెట్టు దగ్గర ఆపెయ్యడం ఇష్టంలేక ఇక్కడిదాకా వచ్చా."

ఒపల్ అందుకుంది. ఇరవయ్యేళ్లుగా తలుచుకున్న మేపుల్ చెక్క పిడిని బొటనవేలితో నిమిరింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత మెల్లగా వెర్నా నడుము దగ్గరి తోలు ఒరలోకి తనే దోపేసింది.

"వద్దులే. వచ్చే ఏడు ఇద్దువుగాని."

"ఏమే, నచ్చలేదా?"

"నచ్చక కాదు. ఇప్పుడే ఇచ్చేస్తే నీ ఇంటికొచ్చి అడగడానికి నాకింకేం మిగులుతుంది?"

లైల్ పలకల సంగతి చెప్పి ఒప్పేసుకున్నాడు. డెల్బర్ట్ చాలాసేపు తిట్టాడు. కూర తినేటప్పుడు పక్కన చేరి, "ఆ దూది తూటాలు ఓ పాతిక నాక్కూడా చేసిపెట్టరా. నాకోసం కాదనుకో," అన్నాడు. అలా నాకోసం కాదంటూ మరో ఏడుగురు వచ్చారు. ఎలుగుబంట్లకు వాడొద్దని ఒక్కో పెట్టెమీదా ఎర్ర అక్షరాలతో రాయడానికి లైల్ కొత్త కలం కొన్నాడు. గ్యారేజీలోంచి ఈల ఆ నెలంతా వినిపించింది.

ఆ మరుసటి మంగళవారం డాక్టరు ఆ మణికట్టు అంతలా ఎందుకు వాచిందని అడిగితే, కడియం బిగుతైందని చెప్పింది వెర్నా.