నాలుగు మూలల పసుపు

సీతారామారావుకు ఇరవై రెండేళ్లుగా తీరని సందేహం ఒకటి ఉంది. ఏజాక్స్ ఊళ్లో సత్యనారాయణ వ్రతం చేయించే పంతుళ్లలో ఒకరు సంకల్పంలో ‘జంబూద్వీపే’ అంటారు, ఇంకొకరు ‘క్రౌంచద్వీపే’ అంటారు. ఒకే ఇల్లు రెండు ద్వీపాల్లో ఉండటానికి వీల్లేదు. మరి చిరునామా తప్పు పడితే, ఇక్కడ కూర్చుని కోరుకున్న కోరిక ఎక్కడికి చేరుతుంది? ఈ మాట పంతులు గారినే అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. కాని హారతి వేళకు అందరూ ఆకలి మీద ఉంటారు, ప్రశ్న వేస్తే వడ్డన ఆలస్యమవుతుంది. అందుకని ఆయనే ఒక జాగ్రత్త కనిపెట్టాడు. ఏటా డిసెంబర్ ఆఖరున, వచ్చే ఏడాది చూడవలసిన చోట్లూ చేయవలసిన పనులూ కాగితం మీద రాసి, నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెడతాడు. నోటిమాట దారి తప్పినా కాగితం తప్పదని ఆయన ధైర్యం.

డిసెంబర్ ముప్పయ్యో తేదీ ఉదయం ఆయన పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగేలోగా పాత జాబితాకు టిక్కులు పెట్టాలి, కొత్తది రాయాలి, తరువాత పెట్టె సర్దుకోవాలి.

పాత జాబితా దగ్గరే కాఫీ చల్లారింది. రిటైరైన మొదటి ఏడాది కదా అని పన్నెండు కోరికలు ధారాళంగా రాసుకున్నాడు. రాకీ పర్వతాలకు వెళ్లలేదు. తిమింగలాన్ని చూడలేదు. స్కేటింగ్ నేర్చుకోలేదు గాని బూట్లు కొన్నాడు. టెంటులో పడుకోవాలన్న కోరికతో పెరట్లో టెంటు వేస్తే, ఆయనకన్నా ముందు అందులో ఒక ఉడత పడుకుంది. నయాగరాకు మాత్రం వెళ్లాడు. ఆ రోజు పొగమంచు. జలపాతం కనిపించలేదు, వినిపించింది. దానికి టిక్కు పెట్టడం ధర్మమా కాదా అని అయిదు నిమిషాలు ఆలోచించి, సగం టిక్కు పెట్టాడు.

పన్నెండో కోరిక ‘చి. ధాత్రితో కలిసి ఒక ప్రయాణం’. అదీ జరగలేదు. కాని అది మరో మూడు రోజుల్లో జరగబోతోంది.

ధాత్రి ఆయన ఒక్కగానొక్క కూతురు. వాన్ అనే ఊళ్లో ఒక గిడ్డంగిలో ఏ ట్రక్కు ఎప్పుడు బయలుదేరాలో నిర్ణయించే ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటోంది. రెండేళ్ల క్రితం తులిప్ పూలు చూద్దామని ఆయన ఆమెను ఒట్టావాకు బయలుదేరదీశాడు. దారిలో కింగ్‌స్టన్‌లో భోజనానికి ఆగితే, పక్క బల్ల దగ్గర ‘అనుకోకుండా’ ఒక తెలుగు కుటుంబం కనిపించింది. అబ్బాయి తల్లి సంచీలోంచి పూలూ పళ్లూ, ఆ తరువాత జాతకం తీసింది. ధాత్రి అన్నం తిని, చేయి కడుక్కుని, బస్సెక్కి వెనక్కి వెళ్లిపోయింది. “నీతో ట్రిప్ అంటే ఇంక నెవర్, నాన్నా” అని ఆ రాత్రి ఒక్క మాట పంపింది. ఆ తరువాత పండగలకు వచ్చింది, పుట్టినరోజుకు కేకు తెచ్చింది, కాని ఆయన కారు ఎక్కలేదు.

ఈ నవంబర్‌లో ఎలాగో మనసు మార్చుకుంది. విన్నిపెగ్‌లో మేనమామ రవిశంకర్ ఇంటికి వెళ్లి, అక్కడినుంచి ఉత్తరాన ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు చూసి రావాలి. షరతు ఒక్కటే పెట్టింది. “పెళ్లి అన్న మాట ఒక్కసారి వినిపించినా టికెట్ క్యాన్సిల్. ఐ మీన్ ఇట్.”

ఆ సంతోషంలో ఆయన కొత్త జాబితాకు మామూలు కాగితం వాడలేదు. గృహప్రవేశంనాడు మిగిలిపోయిన వినాయకుడి బొమ్మ కార్డు తీశాడు. పైన శ్రీరస్తు అని రాశాడు. దాని కింద పెద్ద అక్షరాలతో ‘చి. ధాత్రి, విన్నిపెగ్, జనవరి 2, ఉదయం 6.40’ అని విమానం వేళ రాశాడు. మిగతా పదకొండు కోరికలూ చీమల్లాంటి అక్షరాల్లో ఇరికించాడు. మూలలకు పసుపు రాసి ఫొటో తీసి, ముగ్గురే ఉన్న ‘మన ఇల్లు’ గ్రూపులో పెట్టబోయి, రెండు వందల పన్నెండు మంది ఉన్న ‘మన ఏజాక్స్’ గ్రూపులో పెట్టాడు.

పొరపాటు అయిదు నిమిషాల్లోనే తెలిసింది. తీసేయబోతే ఫోన్ రెండు దారులు చూపించింది, అందరి ఫోన్లలోంచీ తీసెయ్యాలా, మీ ఫోన్లోంచి మాత్రమేనా అని. కళ్లజోడు దేవుడి దగ్గర ఉండిపోయింది. ఆయన రెండోది నొక్కాడు. ఫొటో కళ్లముందే మాయమైంది. అమ్మయ్య అనుకుని పెట్టె తెరిచాడు.

మొదటి ఫోన్ వీరభద్రం నుంచి వచ్చింది. కరీంనగర్ మనిషి, తెలుగు సంఘానికి కార్యదర్శి.

“సార్, గింత మంచి ముచ్చట మాకు చెప్పకుండ దాచినవేంది!”

తీసేసేలోగా చూసినట్టున్నాడని సీతారామారావు నవ్వాడు. “దాచడమేముందండీ, ఈమధ్యే ఖాయమైంది.”

“అమ్మాయి ఒప్పుకున్నదా?”

“రెండేళ్లు బతిమాలాను. నవంబర్‌లో సరేనంది.”

“విన్నిపెగ్‌ల ఎవరు సార్? మనోళ్లేనా?”

“మా బావమరిది రవిశంకరేనండీ.”

“మేనమామనా? ఏండ్లెన్ని ఉంటయ్ సార్ ఆయనకు?”

“యాభై నాలుగు. అయినా మనిషి చురుగ్గా ఉంటాడు. మంచులో కూడా స్వయంగా డ్రైవ్ చేస్తాడు.”

“యాభై నాలుగా!” అని వీరభద్రం గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. “సరే సార్. పెద్దోళ్లు మీరు. మీకు తెల్వదా.”

విన్నిపెగ్‌లో దిగడానికి ఇంత దిగులెందుకో సీతారామారావుకు అర్థం కాలేదు. చలి గురించి అయి ఉంటుందని ఇంకో స్వెటర్ పెట్టెలో పెట్టాడు.

రెండో ఫోన్ గుడి పంతులు గారిది. ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

“సీతారామారావు గారూ, మీరు తెలిసినవారు. పుష్యం శూన్యమాసం కదండీ. ఎంత తొందరైనా ఈ నెలలో ముహూర్తం పెట్టుకుంటారా? పైగా వరుడి వయసు కూడా కాస్త...”

“ఏ వరుడండీ?”

“అదే, మీ బావమరిది గారు.”

చేతిలోని స్వెటర్ జారిపోయింది. పసుపు మూలలు, వినాయకుడు, శ్రీరస్తు, అమ్మాయి పేరు, ఊరి పేరు, తేదీ, వేళ. ఫోన్ తెర మీద అంగుళమంత బొమ్మలో చూసినవాడికి అది ఏమనిపిస్తుందో ఆయనకు అప్పుడు తట్టింది.

“పంతులు గారూ, అది శుభలేఖ కాదు! నా కోరికల జాబితా!”

“తండ్రికి కోరికలుంటాయి, కాదనను” అన్నాడు పంతులు గారు జాలిగా. “సాయంత్రం అయిదింటికి చిన్న శాంతి పెట్టేశాను. మీరొచ్చి కూర్చుంటే చాలు.”

సీతారామారావు వంటింట్లోకి పరుగెత్తాడు. భార్య సుధామయి అంతా విని, గరిటె కింద పెట్టింది.

“నా కూతుర్ని నా తమ్ముడికిచ్చి, శూన్యమాసంలో, తెల్లవారుజామున పెళ్లి చేస్తున్నారన్నమాట. ఇంకేమైనా మిగిలిందా?”

మిగిలింది. ఆమె ఫోన్ మోగింది. రవిశంకర్.

“అక్కా, నాకు పెళ్లటగా. ఇక్కడ ఎవరో అడిగారు. నీ మరదలు విద్య పక్కనే ఉంది, తను కూడా రావచ్చా అని అడుగుతోంది.” వెనకనుంచి విద్య నవ్వు వినిపించింది. ఆ ఇంట్లో నవ్వు వచ్చింది గాని ఈ ఇంట్లో రాలేదు.

“ఈ వార్త విన్నిపెగ్ దాకా వెళ్లిందంటే వాన్ దాకా వెళ్లదా?” అన్నాడు సీతారామారావు. “సుధా, నేను మళ్లీ కింగ్‌స్టన్ చేశానంటుంది ధాత్రి. ఈసారి బస్సు కూడా అక్కర్లేదు, అసలు రానే రాదు.”

“భయపడటం తరువాత. ముందు అందరికీ పెళ్లి లేదని చెప్పండి.”

ఆయన గ్రూపు తెరిచి, ఈసారి కళ్లజోడు పెట్టుకుని మరీ రాశాడు: ‘పెళ్లి లేదు. దయచేసి ఎవరూ మా అమ్మాయికి ఫోన్ చేయవద్దు.’

పది నిమిషాల్లో అరవై ఒక్క జతల చేతులు నమస్కారం పెట్టాయి. ధైర్యంగా ఉండండి అన్నారు. ఏది జరిగినా మన మంచికే అన్నారు. మంచి సంబంధం తప్పక వస్తుందన్నారు. ఏజాక్స్‌లో పెళ్లి ఆగిపోయిందన్న వార్త, పెళ్లి కుదిరిందన్న వార్తకన్నా రెట్టింపు వేగంతో వెళ్లింది.

మూడు గంటలకల్లా గుమ్మం దగ్గర పదకొండు జతల మంచు బూట్లు చేరాయి. వీరభద్రం భార్య సరోజన పెద్ద గిన్నెతో పులిహోర తెచ్చి, సుధామయిని కౌగిలించుకుంది.

“ఆగిపోవుడే మంచిదైంది వదినా. యాభై నాలుగేండ్లాయనకు పిల్లనిస్తరా ఎవరన్న? నేనైతే పొద్దుగాల్నే అన్న, ఈ పెండ్లి నిలవదని.”

“పెళ్లే లేదు సరోజనా.”

“అవును వదినా, అట్లనే అనుకోవాలె. అసలు లేనే లేదనుకోవాలె.”

సీతారామారావు సోఫాలో ఒక మూల కూర్చున్నాడు. వీరభద్రం ఆయన భుజం మీద చేయి వేసి, “గిసొంటివి అయితయి సార్” అని అరగంటకోసారి అంటున్నాడు. ఆయన వినడం లేదు. చేతిలో ఫోన్ పట్టుకుని, వచ్చే ప్రతి సందేశాన్నీ భయపడుతూ చూస్తున్నాడు. మూడున్నరకు అది వచ్చింది. ధాత్రి: ‘పని నుంచి ఎర్లీగా బయలుదేరాను. ఇంటికొస్తున్నా. మాట్లాడాలి.’

వాన్ నుంచి ఏజాక్స్‌కు మంచులో గంట ప్రయాణం. ఆ గంటలో ఆయన నోటికొచ్చిన నామాలన్నీ చదివాడు. దేవుడు జాబితా చదివి ఇలా చేశాడా, చదవకుండా ఇలా చేశాడా అన్న ఆలోచన మధ్యలో అడ్డం వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి మళ్లీ మొదటినుంచి చదివాడు.

తలుపు తెరుచుకుంది. ధాత్రి బూట్ల గుట్టను చూసింది, పులిహోరను చూసింది, తనను జాలిగా చూస్తున్న పదకొండు మందిని చూసింది. సీతారామారావు లేచి నిలబడ్డాడు.

“అమ్మా, నువ్వేమైనా అనేముందు నన్నొక్క మాట చెప్పనీ.” దేవుడి ముందున్న పాత జాబితా తెచ్చి అందరి ముందూ విప్పాడు. “ఇది నేను పోయిన ఏడాది రాసిన కోరికల కాగితం. మీరు ఫోన్లో చూసిందీ ఇలాంటిదే, శుభలేఖ కాదండీ, బాబూ. పన్నెండు రాశాను. ఒక్కటి సగం అయింది. స్కేటింగ్ రాలేదు. టెంటులో ఉడత పడుకుంది. రెండేళ్ల క్రితం మా అమ్మాయికి పూలు చూపిస్తానని తీసుకెళ్లి పెళ్లిచూపులు పెట్టాను. అప్పుడు చేశాను, తప్పే. ఈసారి మాత్రం చేయలేదు. దేవుడి మీద ఒట్టు.”

ఎవరో దగ్గారు. సరోజన పులిహోర మీద మూత సరిచేసింది.

“తెలుసు, నాన్నా” అంది ధాత్రి కోటు విప్పుతూ.

“ఏం తెలుసు?”

“నా ఏజాక్స్ ఫ్రెండ్ రిషిత ఫొటో ఫార్వర్డ్ చేసింది, కంగ్రాట్స్ అని. నేను జూమ్ చేసి చదివాను. మొత్తం.” ఆమె చుట్టూ చూసింది. “ఐ థింక్ నేనొక్కదాన్నే చదివాను. పన్నెండు లైన్లు. రాకీ పర్వతాలు ఉన్నాయి, తిమింగలం ఉంది, ఈసారి ఉడతకు కూడా చోటున్న పెద్ద టెంటు ఉంది. ప్రతిదాంట్లో నా పేరుంది. నా పెళ్లి ఒక్కదాంట్లో కూడా లేదు.”

వీరభద్రం నెమ్మదిగా ఫోన్ తీసి, వేళ్లతో ఫొటోను పెద్దది చేసుకుని చూశాడు. “అరె, నిజమే సార్. ఉడుతను కూడ రాసినవ్ ఇందుల.”

“అయితే మాట్లాడాలన్నావే?” అన్నాడు సీతారామారావు.

“ఫ్లైట్ క్యాన్సిల్. విన్నిపెగ్‌లో బ్లిజార్డ్, ఇంకో నాలుగు రోజులు తగ్గదట. ఎయిర్‌లైన్ నీక్కూడా మెసేజ్ పెట్టింది. చూడలేదా?”

చూడలేదు. అది అరవై ఒక్క నమస్కారాల కింద ఉంది.

ఆయన కూర్చుండిపోయాడు. పొద్దుటినుంచీ కూతురు రద్దు చేస్తుందని భయపడ్డ ప్రయాణాన్ని మంచు రద్దు చేసింది. ఏడవాలో నవ్వాలో తోచలేదు. ధాత్రి పక్కన కూర్చుని పులిహోర గిన్నె దగ్గరికి లాక్కుంది.

“లీవ్ మాత్రం క్యాన్సిల్ చేయలేదు. వారం రోజులుంది. వేర్ ఆర్ వీ గోయింగ్?”

“ముందు గుడికి” అంది సుధామయి గడియారం చూసి. “పంతులు గారు లేని పెళ్లికి శాంతి పెట్టుకుని కూర్చున్నారు.”

ధాత్రి తండ్రి కారు తాళం చెవులు తీసుకుని, ఆగి, ఆయన చేతికే ఇచ్చింది. “నువ్వే డ్రైవ్ చెయ్, నాన్నా.” ఆయన దారంతా నలభై కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపాడు. ఆమె ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

గుళ్లో సంగతంతా విన్నాక పంతులు గారు కాసేపు ఆలోచించాడు. కలశం పెట్టాక తీయడం బాగుండదన్నాడు. “పోనీ, తీరని మొక్కేదైనా ఉందా మీకు? ఆ పేరు మీద కానిచ్చేద్దాం.”

“ఆంజనేయస్వామికి పదకొండు ప్రదక్షిణలు బాకీ” అంది సుధామయి వెంటనే. “తొమ్మిదేళ్లయింది. ఇది డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు ఫెయిలయితే నూట ఎనిమిది మొక్కుకున్నారు. పాసయింది. తొంభై ఏడు దగ్గర ఈయన మోకాలు పట్టేసింది.”

“నా టెస్ట్ కోసమా?” ధాత్రి తండ్రి వైపు తిరిగింది. “యూ నెవర్ టోల్డ్ మీ.”

“పూర్తయ్యాక చెబుదామనుకున్నాను” అన్నాడాయన.

ఆమె ఆయన చేయి తన మోచేతిలో పెట్టుకుంది. చల్లని రాతి నేల మీద ఇద్దరూ మేజోళ్లతో నడిచారు. లెక్క ఆమే పైకి చెప్పింది. ఏడో చుట్టు దగ్గర ఆయన ఆగితే ఆమె కూడా ఆగింది. తొమ్మిదేళ్ల బాకీ పది నిమిషాల్లో తీరింది. అందులో నాలుగు నిమిషాలు మోకాలివే.