ముక్కుమీద మనశ్శాంతి

"నేటి నుంచి ఈ ప్రాంతంలో దిగులు ఐచ్ఛికం!"

ఆరోగ్య మంత్రిగారు ఈ మాట ప్రకటించగానే మా ఆస్పత్రి ఆవరణ చప్పట్లతో మారుమోగింది. కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీలు రాసే ఉద్యోగం నాది. మంత్రులు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని నేను చేరిన రోజే మా సూపరింటెండెంటుగారు చెప్పారు.

మంత్రిగారు బల్లమీదున్న నల్లటి పరికరాన్ని పసిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి చూపించారు. దాన్ని కళ్లకి తగిలించుకుంటే లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. వర్చువల్ రియాలిటీ అంటారు. లేనిది ఉన్నట్టు చూపించడంలో మంత్రిగారికి మొదటినుంచీ మంచి పట్టుంది కనక దాని విలువ ఆయనకి ఇట్టే తెలిసిపోయింది.

"ఇన్నాళ్లూ మన జనానికి ముక్కుమీద కోపం ఉండేది. ఇకపై ముక్కుమీద మనశ్శాంతి ఉంటుంది! పథకం పేరు కూడా అదే!" అన్నారు.

"ఎన్ని కొన్నారండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"మొదటి విడతలో ఒకటి. మిగతావి స్పందనని బట్టి."

అంత నిదానంగా అడుగు వేసే నాయకులు ఈ రోజుల్లో అరుదు.

"ఇంతకీ ఇది పనిచేస్తుందాండీ?" అని ఆ విలేకరే మా డాక్టరమ్మవైపు తిరిగాడు. మా విభాగంలో ఉన్న ఒకే ఒక్క డాక్టరు ఆవిడ. మిగతా పోస్టులు ఖాళీ. ఆవిడ, "పనిచేస్తుందండీ. ముఖ్యంగా భయాలకి. ఎత్తంటే భయం, నలుగురిలో మాట్లాడాలంటే భయం, ఇలాంటివాటికి బాగా ఉపయోగం. భయపడేదాన్ని కొద్దికొద్దిగా చూపిస్తూ అలవాటు చేస్తాం. కాకపోతే పక్కన ఒక మనిషి..." అంటూ ఉండగానే మంత్రిగారు మైకు అందుకున్నారు.

"పనిచేస్తుందన్నారు! చప్పట్లు!"

కొట్టాం.

మొదటి పేషెంటు మా బావే. మా అక్క భర్త. సిటీ బస్సు డ్రైవరు. ఒక వానరోజు మలుపులో ఒక సైకిలాయన అడ్డం వస్తే బావ సడన్ బ్రేకు వేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సైకిలాయన ప్యాంటు దులుపుకుని, బావని నాలుగు తిట్టి వెళ్లిపోయాడు. కానీ మర్నాటినుంచి స్టీరింగుమీద చెయ్యి వేస్తే చాలు, బావ వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. డిపోవాళ్లు పాపం కొన్నాళ్లు టైమ్‌కీపరు పక్కన కూర్చోబెట్టారు.

"నాకేం లేదురా, బస్సుకే ఏదో అయింది," అంటాడు బావ నాతో. ఇంట్లో మాత్రం భోజనాల దగ్గర కూడా చేతులు బల్లకింద దాచుకుంటున్నాడని అక్క చెప్పింది.

డాక్టరమ్మ బావకి పరికరం తగిలించి, తను స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ముందు ఆగి ఉన్న బస్సు చూపించింది. తర్వాత ఖాళీ రోడ్డు. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "ఇప్పుడెలా ఉంది?"

"గుండె దడదడలాడుతోందమ్మా."

"ఆడనివ్వండి. నేనిక్కడే ఉన్నాను. దడ తగ్గాకే ముందుకి వెళదాం."

ఒకరోజు ఉన్నట్టుండి బావ కుర్చీలోంచి కెవ్వుమన్నాడు.

"ఏమైందండీ?"

"రోడ్డుకి అడ్డంగా మంత్రిగారు నిలబడ్డారమ్మా!"

ప్రతి ప్రోగ్రాం మొదట్లో మంత్రిగారి సందేశం ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. దాన్ని ఎక్కించినవాళ్లు కొంచెం అటూఇటూ అతికించినట్టున్నారు. నడిరోడ్డుమీద మంత్రిగారు చెయ్యి ఊపుతూ, "దిగులు వద్దు, మీకు అడ్డంగా నేనున్నాను," అంటున్నారట. "అండగా" అనబోయి తడబడి ఉంటారు.

"మరి మీరేం చేశారు?" అంది డాక్టరమ్మ.

"బ్రేకు వేశాను."

"కాలు కదిలిందిగా మరి! చాలా మంచిది," అని ఆవిడ నవ్వింది. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు విని అక్క వరండాలోంచి పరిగెత్తుకొచ్చింది. ఎన్నాళ్లయిందో పాపం విని. మా బావని బాగుచెయ్యడంలో మంత్రిగారి పాత్ర అలా మొదలైంది. దాన్ని నేను ఎక్కడా తక్కువచేసి చెప్పను.

ఆ వారంలోనే మంత్రిగారు ఫొటోల కోసం వచ్చారు. పరికరం తగిలించుకుని కెమెరాలవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన పీయే ఏదో బటన్ నొక్కాడు. సముద్రతీరం రావాలి. కానీ సభల్లో మాట్లాడాలంటే భయపడేవాళ్ల ప్రోగ్రాం వచ్చింది. అందులో మొదటి లెవెల్లో హాలునిండా జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు.

మంత్రిగారు కదల్లేదు. ఫొటోలు అయిపోయాయి. విలేకరులు వెళ్లిపోయారు. నేను తెచ్చిన టీ చల్లారిపోయింది. ఆయన మాత్రం గోడవైపు చెయ్యి ఊపుతూనే ఉన్నారు. గడ్డంమీదికి కన్నీళ్లు కారుతున్నాయి.

పీయే డాక్టరమ్మని పక్కకి పిలిచాడు. "ఈ మధ్య సార్‌కి నిద్ర ఉండట్లేదండీ. పోయిన మీటింగులో జనం కుళాయిల గురించి అడిగారు. అప్పట్నుంచి మైకు చూస్తే చాలు, నోరు ఎండిపోతోంది. బయట ఎక్కడా అనకండి."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని మంత్రిగారి పక్కన కూర్చుంది. బావ పక్కన కూర్చున్నట్టే. "ఇది కూడా వైద్యమేనండీ. సిగ్గుపడాల్సిందేం లేదు. రెండో లెవెల్లో జనం చప్పట్లు కొట్టరు. ఊరికే వింటారు. చూద్దామా?"

"చూద్దాం," అన్నారు మంత్రిగారు ధైర్యంగా. మరుక్షణం చొక్కా తడిసిపోయింది. "వీళ్లు చప్పట్లు కొట్టట్లేదేంటమ్మా? ప్రతిపక్షంవాళ్లా?"

"కాదండీ, మామూలు మనుషులే. మీరు చెప్పేది వింటున్నారు."

"వింటే ఎలాగమ్మా!"

అయినా ఆయన నిలబడ్డారు. ఆ మాట చెప్పుకోవాలి. మూడో లెవెల్ కూడా చూస్తానన్నారు. మూడో లెవెల్లో జనంలోంచి ఒకావిడ లేచి ఒక ప్రశ్న అడుగుతుంది. ఆవిడ "అయ్యా" అనీ అనకముందే మంత్రిగారు పరికరం పీకేసి గోడకి అంటుకుపోయారు.

డాక్టరమ్మ గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. "మొదట అందరూ ఇలాగే తీసేస్తారండీ. రేపు రండి. ఆవిడ ప్రశ్న సగమే విందాం. మిగతా సగం ఎల్లుండి. నేను పక్కనే ఉంటాను."

మంత్రిగారు గ్లాసు పట్టుకుని ఆవిడ మొహంలోకి చూశారు. ఆయన నిజంగానే రేపు వస్తారేమో అనిపించింది నాకు. ఇంతలో పీయే, "సార్, ఇంకో చానల్ వచ్చింది," అన్నాడు.

మంత్రిగారు బయటికి వెళ్లి, మూడో లెవెల్లో సాంకేతిక లోపం ఉందనీ, ప్రజల భద్రత దృష్ట్యా పరికరాన్ని స్వయంగా తనిఖీ చేస్తాననీ ప్రకటించారు. పరికరం ఆయన కార్లోనే వెళ్లిపోయింది.

అప్పటికి బావ వానరోడ్డు దాకా వచ్చాడు. మలుపు ఒక్కటే మిగిలింది.

ఈలోగా డిపో మేనేజరు కాగితం పంపాడు. వచ్చే సోమవారానికి సీట్లో కూర్చోగలిగితే సరే, లేకపోతే బస్సులు కడిగే షెడ్డుకి పర్మనెంటుగా మార్చేస్తాడట. తప్పు ఆయనది కాదు, డ్రైవర్లు చాలడం లేదు. బావ ఆ కాగితం చదివి మడతపెట్టి, చేతులు మళ్లీ బల్లకింద పెట్టుకున్నాడు.

అక్క తిన్నగా నా కౌంటరు దగ్గరికి వచ్చింది. లైన్లో జనం ఉన్నారని కూడా చూడలేదు.

"ఒరే, మీ మంత్రి మా ఆయన రోడ్డు పట్టుకుపోయాడటగా!"

"తనిఖీ చేస్తున్నారక్కా."

"ఏం తనిఖీరా? మా ఆయన సగం రోడ్డులో నిలబడిపోయాడు. వెనక్కి రాలేడు, ముందుకి పోలేడు. వెళ్లి తీసుకురా!"

డాక్టరమ్మా నేనూ కలిసి మంత్రిగారి బంగళాకి వెళ్లాం. పీయే గుమ్మంలోనే ఆపేశాడు.

"సార్ మీటింగులో ఉన్నారు."

"ఎవరితో?"

"ప్రజలతో."

తలుపు సందులోంచి నాకు కనిపించింది. మంత్రిగారు పరికరం తగిలించుకుని, పుస్తకాల బీరువాకి ఎదురుగా నిలబడి ఉపన్యసిస్తున్నారు. మధ్యమధ్యలో ఆగి, "చాలు, చాలు, కూర్చోండి," అంటున్నారు. అంత వినయం నేను ఆయనలో ఇదివరకెప్పుడూ చూడలేదు.

"ఆయన వైద్యం ఆపమనడం లేదండీ," అంది డాక్టరమ్మ. "రోజూ మొదటి లెవెలే చూస్తే తగ్గదు, ఇంకా ముదురుతుంది. ఆస్పత్రికి రమ్మనండి. ఇక్కడ ఇంకో పేషెంటు ఉద్యోగం పోయేలా ఉంది. పొద్దున పూటైనా ఇవ్వండి."

"పొద్దున రోడ్ల మంత్రిగారు బుక్ చేసుకున్నారు. మధ్యాహ్నం విద్యుత్తు. సాయంత్రం పెద్దసారే వస్తానన్నారు. కేబినెట్ మొత్తం ఎంత హాయిగా ఉందో తెలుసాండీ? ఈ వారం ఒకరినొకరు తిట్టుకోలేదు."

డాక్టరమ్మ విసవిసా గేటు దాటింది. రోడ్డుమీదికి వచ్చాక, వెళుతున్న బస్సుని చూసి ఆగిపోయింది.

"అసలు బస్సు ఉండగా మనం వీళ్లని బతిమాలడం ఏమిటండీ?"

ఆదివారం పొద్దున్నే డిపోకి చేరాం. మేనేజరు ఒక పాత బస్సు ఇచ్చి, గోడలకి దూరంగా నడపమన్నాడు. బావ సీట్లో కూర్చున్నాడు. డాక్టరమ్మ స్టూలు వేసుకుని పక్కన. వెనక సీట్లో అక్క, కళ్లు గట్టిగా మూసుకుని.

"ఇప్పుడెలా ఉంది?"

"దడగానే ఉందమ్మా. కానీ ఇది తెలిసిన దడే."

ఇంజను స్టార్టయింది. ఆవరణలో ఒక చుట్టు, ఇంకో చుట్టు. తర్వాత వాన కావాలంది డాక్టరమ్మ. షెడ్డులో బస్సులు కడిగే పెద్దాయన గొట్టం పట్టుకుని అద్దంమీద వాన కురిపించాడు. మేనేజరు నాలుగు డ్రమ్ములు దొర్లించి మలుపు తయారుచేశాడు. ఇక సైకిలొక్కటే తక్కువ.

అందరూ నావైపు చూశారు.

మా బావ కోసం ఏమైనా చేస్తానని అక్క పెళ్లిలో అన్న మాట నిజమే. కానీ అప్పుడు బస్సు ప్రస్తావన రాలేదు. ఏం చేస్తాం, టైమ్‌కీపరు సైకిలెక్కి డ్రమ్ముల వెనక నిలబడ్డాను. డాక్టరమ్మ చెయ్యి ఊపగానే కళ్లు మూసుకుని తొక్కాను. వర్చువల్ రియాలిటీ గొప్పతనం అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

బ్రేకు కీచుమంది. కళ్లు తెరిస్తే బస్సు నాకు మూరెడు దూరంలో ఆగి ఉంది. కిటికీలోంచి బావ తల బయటపెట్టాడు.

"కళ్లు కనపడట్లేదుట్రా నీకు! రోడ్డు నీ అబ్బ సొమ్మనుకున్నావా?"

అంత కమ్మటి తిట్టు నేనెన్నడూ తినలేదు. అక్క వెనక సీట్లో ఏడుస్తూ నవ్వుతోంది. బావ కిందికి దిగి, తన వేళ్లని ఒక్కొక్కటే ముడిచి, చాచి చూసుకున్నాడు. అవి అడిగినట్టల్లా వంగాయి. నన్ను పట్టుకుని, "దెబ్బ తగల్లేదు కదరా?" అని పదిసార్లు అడిగాడు.

సోమవారం డ్యూటీ ఎక్కాడు.

ఈ సంగతి మంత్రిగారికి తెలిసిన వెంటనే విజయోత్సవ సభ ప్రకటించారు. "పథకం వల్ల నూటికి నూరుశాతం పేషెంట్లు కోలుకున్నారు," అని పీయే పత్రికలకి చెప్పాడు. పథకంలో చేరిన పేషెంటు ఒక్కడే కనక లెక్క సరిగ్గానే ఉంది. సభకి జనాన్ని తరలించడానికి బస్సులు పెట్టారు. అందులో ఒకటి బావే నడిపాడు.

హాలు కిటకిటలాడింది. ముందు వరసలో పరికరం పెట్టెకి ప్రత్యేకంగా ఒక కుర్చీ వేశారు. మంత్రిగారు పరికరం తగిలించుకునే వేదికెక్కారు. పథకంమీద ఆయనకున్న నమ్మకానికి అందరం ముచ్చటపడ్డాం. గలగలా మాట్లాడారు. ఎవరూ కొట్టని చప్పట్లకి మధ్యమధ్యలో ఆగి, "చాలు, చాలు," అన్నారు. బావకి ఇవ్వాల్సిన జ్ఞాపికని సూపరింటెండెంటుగారి చేతికిచ్చి, "నీ ధైర్యం గొప్పది తమ్ముడూ," అన్నారు.

ఇంతలో పరికరంలో చార్జింగ్ అయిపోయింది. మంత్రిగారు వాక్యం మధ్యలో ఆగారు. "ఏంటి, అందరూ వెళ్లిపోయారా?" అని మెల్లగా అడిగారు. పీయే పరిగెత్తుకొచ్చి పరికరం ఊడదీసి, చార్జింగ్ కోసం పట్టుకుపోయాడు.

మంత్రిగారు కళ్లు చిట్లించి చూశారు. హాలునిండా మనుషులు. నిశ్శబ్దంగా వింటున్నారు.

వెనకనుంచి ఒక పెద్దావిడ కుంటుకుంటూ ముందుకి వచ్చింది. కాలికి కట్టు ఉంది. కూర్చోవడానికి చోటు దొరకలేదు. పరికరం పెట్టె ఉన్న కుర్చీ చూపించి, "అయ్యా, ఈ పెట్టె కింద పెట్టి కూర్చోవచ్చా?" అంది.

మంత్రిగారు రెండు చేతులూ మొహంమీద వేసుకున్నారు. పరికరం కోసం కళ్లమీదా, చెవుల వెనకా తడుముకున్నారు. ముక్కు పట్టుకుని గట్టిగా లాగారు. మళ్లీ లాగారు.

డాక్టరమ్మ లేచింది. కానీ పీయే ముందు చేరుకున్నాడు. వేదిక చివర నిలబడి, మమ్మల్ని చూస్తూ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. ముందు వరసవాళ్లు అందుకున్నారు. ఆ వెనక వరస, ఆ వెనక వరస. నేనూ కొట్టాను. హాలంతా మారుమోగింది.

మంత్రిగారి చేతులు మెల్లగా కిందికి దిగాయి. మొహం తేటపడింది. హాయిగా నవ్వుతూ మాకు చెయ్యి ఊపారు.

పెద్దావిడ ఇంకా నిలబడే ఉంది.