ఓడ మింగిన పద్యం

ఆ ఉదయం తెరేసమ్మ అనుకున్న పని చిన్నదే. సముద్రంలో ఓడతో పాటు మునిగిపోయిన భర్త అంతోనికి సమాధి లేదు. అందుకని శిలువ చెక్కిన కడప బండ కొనుక్కుంది. దాని మీద తాను కట్టిన నాలుగు పాదాలు వేయించాలి. ఆ పాదాలను పైకి చదవబోతే మూడో దానికల్లా గొంతు పూడుకుపోతోంది. రాయి అయితే తడబడకుండా చెబుతుంది కదా!

సమాధుల పండుగకు మూడు రోజులే ఉన్నాయి. పక్కింటి తెలుగు పంతులు అచ్యుతరామారావుకు కాగితం చూపించింది.

ఓడ పోయెను దూరము
నీడ మిగిలెను వాకిట
జాడ అడిగితి గాలిని
తోడు రమ్మనె కెరటము

"ప్రాస దానంతటదే పడిందమ్మా! రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ డకారమే. ఉత్పలమాలలోకి మార్చేస్తాను, కలకాలం ఉంటుంది," అన్నారాయన.

రాళ్ళు చెక్కే ఆమోసు మూర వేసి చూశాడు.

"పాదానికి ఇరవై అక్షరాలా అయ్యగారూ? పట్టవండీ. పాదాన్ని రెండుగా విరగ్గొట్టనా?"

"విరిస్తే ప్రాస ఎవరికి కనబడుతుందయ్యా? బండనే అడ్డంగా తిప్పు."

తిప్పారు. శిలువ పడుకుంది.

గుడి ఉపదేశి జీవరత్నం గుండె బాదుకున్నాడు. "ప్రభువు శిలువని పడుకోబెడతారా? ఫాదర్‌గారు మంత్రజలం కూడా చల్లరు!"

"చెక్కింది చెరపలేను గానీ, కలపగలనండీ," అన్నాడు ఆమోసు. పొడుగు కమ్మీ ఓడ బల్ల అయింది, పొట్టి కమ్మీ తెరచాప కొయ్య అయింది. కొయ్య కొసన చిన్న శిలువ నిలబెట్టాడు. జీవరత్నం శాంతించాడు.

"నీళ్ళు లేని ఓడేమిటయ్యా, మెట్ట మీద పడవలాగా!" అన్నారు పంతులుగారే. ఆమోసుకు చెయ్యి ఊపందుకుంది. కెరటాలు బండ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయాయి. అంతోని పేరుకు తప్ప చోటు మిగల్లేదు.

పండుగనాడు సమాధుల తోటలో కొవ్వొత్తుల మధ్య ఫాదర్‌గారు అడిగారు, "పద్యమేదమ్మా?"

తెరేసమ్మ పంతులుగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నారు. ఇక తప్పదు. ముసుగు సర్దుకుని మొదలుపెట్టింది. మూడో పాదం దగ్గర గొంతు పూడింది. కాసేపటికి నాలుగోది కూడా చెప్పింది. వేలి కణుపుల మీద మాత్రలు లెక్కపెడుతున్న పంతులుగారి బొటనవేలు ఎప్పుడు ఆగిందో ఆయనకే తెలియదు.

మరుసటి ఏటికి ఆ తోటలో ఇంకో ఆరు ఓడలు వెలిశాయి. వాటి కింద ఉన్నవాళ్ళలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు.