బకెట్టులో వచ్చే సముద్రం

డాక్టర్ చింతాడ భానుమతికి ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పెదగెడ్డపాలెంలో సముద్రం వెనక్కి వెళ్తుంది. మొదటి ప్రమోషన్‌కు ఒక ఫర్లాంగు వెళ్ళింది, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు. రూలు అందరికీ ఒకటే. కాకపోతే ఆ సముద్ర పరిశోధన కేంద్రంలో అడుగు మెట్టు నుంచి పైదాకా ఎక్కినవాళ్ళు ఆమెకు ముందు లేరు. అందుకని అంత దూరం ఎప్పుడూ అవసరం పడలేదు.

ఆమె కొత్తగా చేరిన రోజుల్లో కెరటం కేంద్రం గోడకు తగిలేది. పొద్దున్నే కుచ్చెళ్ళు దోపుకుని మోకాల్లోతు నీళ్ళలో దిగి, సన్నని గుడ్డ వలతో కంటికి ఆనని ప్రాణుల్ని పట్టేది. వాటిని తిని చిన్న చేప, దాన్ని తిని పెద్ద చేప, పెద్ద చేపను పట్టి ఊరు బతుకుతాయని ఆమె పరిశోధన. నీళ్ళ బకెట్టు మోయడానికి వాసుపల్లి కొర్లయ్య రోజుకూలీగా ఉండేవాడు. చేపల వేట చేసే కుటుంబం వాళ్ళది. ఉప్పు కొలిచే యంత్రం నెలలో ఇరవై రోజులు రిపేరులో ఉండేది గనుక అతనే వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉప్పెంతో చెప్పేవాడు. యంత్రం బాగైనప్పుడు సరిచూస్తే తేడా కనపడేది కాదు. ఆ విద్య ఆమెకూ నేర్పాడు.

"మొనకి కాదమ్మా, నాలిక పక్కకి పెట్టండి. ఏటి గెడ్డ నీరు కలిస్తే సప్పగా తగుల్తాది. బోరు నీట్లో ఎంత ఉప్పేసినా ఎనకాల సుద్ద రుచొస్తాది."

మొదటి ప్రమోషన్ రోజున మిఠాయి పంచుతుండగానే సముద్రం జరిగింది. ఆఫీసువాళ్ళు జీపు తెప్పించారు. రెండోసారికి రేవు ఎండిపోయింది, ఆడవాళ్ళు దానిమీద మిరపకాయలు ఆరబోసుకున్నారు. మూడోసారి నుంచి పడవల్ని ట్రాక్టరు తొట్టెల్లో ఎక్కించి నీళ్ళదాకా తీసుకెళ్ళాల్సి వచ్చింది. ప్రతిసారీ ఊరు అర్జీ పెట్టింది, ప్రతిసారీ అర్జీ ముట్టినట్టు కేంద్రం ముద్ర వేసి ఇచ్చింది.

ఇప్పుడు డైరెక్టరు పదవి వచ్చింది. దానికి ఎనిమిది ఫర్లాంగులు. ఈ ఏడు ఫర్లాంగులూ దాటితే అంతా బురద, ట్రాక్టరు దిగదు. అంటే ఊళ్ళో ఇక వేట లేనట్టే. కొర్లయ్య ఊరి పెద్దల్ని నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచాడు.

"ఈ ఒక్క మెట్టూ ఎక్కకండమ్మా. తవరెక్కితే మాకు దిగడానికి నీల్లుండవు."

భానుమతి తొణకలేదు. ఆమె అన్నీ ఆలోచించే ఉంది. సముద్రాన్ని వెనక్కి రప్పించే ఫైలు ఒకటి డైరెక్టరు సంతకం కోసం పన్నెండేళ్ళుగా ఆగి ఉందని వాళ్ళకు నెమ్మదిగా విప్పి చెప్పింది. ఆ సంతకం పెట్టాలంటే ముందు ఆ కుర్చీలో కూర్చోవాలి గదా అంది.

పెద్దల్లో సూరాడ పోలమ్మ అనే ముసలామె నోట్లో చుట్ట తీసింది. "కూకుంటే సముద్రం ఎల్లిపోద్ది. కూకోపోతే సంతకం అవదు. సదువంటే ఇదేనేటమ్మా?"

అందరూ నవ్వారు. భానుమతి కూడా నవ్వి, నెల తిరక్కుండా నీళ్ళు గోడకు తగిలిస్తానని మాటిచ్చింది. ఇచ్చేటప్పుడు నమ్మే ఇచ్చింది.

సోమవారం పదిన్నరకు కుర్చీలో కూర్చుంది. పదకొండింటికి డాబా ఎక్కినా సముద్రం కనపడలేదు. మొట్టమొదట ఆ ఫైలే తెప్పించుకుంది. సంతకం చేసే అధికారి స్వయంగా సముద్రపు ఒడ్డున నిలబడి చేయవలెనని అందులో ఉంది. బురదలో నడిచి ఒడ్డు చేరి తిరిగి రావడానికి ఒక రోజు పడుతుంది. డైరెక్టరుకు రోజూ నాలుగింటిదాకా మీటింగులు, ఎక్కువగా సముద్రం గురించే. వచ్చే వారం ఖాళీ చూసి వెళ్ళాలని ఫైలు మీద చీటీ అంటించింది. పై వారం ఆ చీటీ మీదే ఇంకో చీటీ అంటించింది.

అయితే తను చేరినప్పటి నుంచి రోజూ రిజిస్టరులో రాస్తున్న ముప్పై ఒక్క ఏళ్ళ ఉప్పు లెక్క తెగకూడదు. ఊళ్ళో పడవలు మేకలకు నీడయ్యాయి, కొర్లయ్య బకెట్టు మాత్రం ఆగలేదు. కోడి కూయకముందే బయల్దేరి, నడుందాకా బురదతో మధ్యాహ్నానికి నీళ్ళు తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టేవాడు.

ఒకరోజు తొమ్మిదిన్నరకే తెచ్చాడు. ఆమె వేలు ముంచి నాలుక పక్కకు పెట్టుకుంది. వెనకాల సుద్ద తగిలింది. తలెత్తి చూసింది. కొర్లయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. అతని కాళ్ళకు బురద లేదు, అరవై దాటిన కాళ్ళు అవి.

"ఉప్పు సరిపోయింది" అంది ఆమె.

"రేపు ఇంకాస్త సూసి ఏత్తానమ్మా" అన్నాడతను.

రిజిస్టరులో 'సముద్రం సాధారణం' అని రాసి సంతకం పెట్టింది. ఇంత నిలకడైన కొలతలు ఏ తీరం నుంచీ రాలేదని పైవాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆమె మంచి పట్టుదల గల మనిషి. ఆ ఉత్తరం జతచేసి, కొర్లయ్యను పర్మినెంటు చేయాలని రాసి, చేయించింది. అంత వయసులో అతనికి అదే మొదటి ప్రమోషన్. మిఠాయి పంచారు. కొర్లయ్య రెండు తిన్నాడు.

ఆ సాయంత్రం రూలు ప్రకారం సముద్రం ఇంకో ఫర్లాంగు జరిగింది. చూడ్డానికి ఒడ్డున ఎవరూ లేరు గనుక ఆ సంగతి ఎక్కడా నమోదు కాలేదు. మర్నాడు తొమ్మిదిన్నరకు బకెట్టు టేబుల్ మీదికి వచ్చింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.